ఐదు తీగల బేస్ గిటార్‌కు ఏ ఫినిష్ మేలు: నేచురల్ యాష్, సన్‌బర్స్ట్, మ్యాట్ బ్లాక్?

తీరంబేస్ (విశాఖపట్నం):

అందరికీ నమస్కారం. ఇంతకాలం నాలుగు తీగల బేస్ మీదే వాయిస్తూ వచ్చిన నేను ఐదు తీగల బేస్‌కు మారాలని నిర్ణయించుకున్నాను. మోడల్ విషయంలో సందేహం లేదు. 34 అంగుళాల స్కేలు, జాజ్ తరహా పికప్‌లు రెండు, యాక్టివ్ ప్రీయాంప్ ఉన్న ఒక మోడల్‌ను దుకాణంలో వాయించి చూసి ఖాయం చేసుకున్నాను. కంపెనీ పేరు కావాలనే రాయడం లేదు. పేరు రాసిన మరుక్షణం ఆ కంపెనీ మంచిదా కాదా అన్న వాదన మొదలవుతుందని ఇక్కడి పాత సభ్యులకు తెలుసు.

నా సందేహం ఫినిష్ (పైపూత) గురించి మాత్రమే. ఒకే మోడల్ మూడు రకాలుగా దొరుకుతోంది. మొదటిది యాష్ చెక్క చారలు స్పష్టంగా కనిపించే గ్లాసీ (మెరిసే) నేచురల్, దానికి మేపుల్ ఫ్రెట్‌బోర్డు (తీగల కింద వేళ్లు నొక్కే పలక). రెండవది ఆల్డర్ బాడీ మీద మూడు రంగుల సన్‌బర్స్ట్, అదీ గ్లాసీయే, రోజ్‌వుడ్ ఫ్రెట్‌బోర్డు. మూడవది పూర్తిగా మ్యాట్ (మెరుపు లేని) బ్లాక్, బ్రిడ్జి, ట్యూనర్లు కూడా నలుపే. ధరల్లో పెద్ద తేడా లేదు. చూడగానే మనసుకు పట్టింది నేచురల్.

నా పరిస్థితి కూడా చెబుతాను. మా ఇల్లు సముద్రానికి దగ్గర, ఏసీ గది లేదు. ఆదివారం చర్చిలో, మిగతా రోజుల్లో పెళ్లి రిసెప్షన్లలో వాయిస్తాను. వాటిలో చాలావరకు ఆరుబయటే జరుగుతాయి. చేతులకు చెమట బాగా పడుతుంది. ఈ బేస్‌ను చాలా ఏళ్లు ఉంచుకోవాలన్నది నా ఉద్దేశం. ఈ మూడింటిలో ఏది మన్నుతుంది, ఏది చేతికి హాయిగా ఉంటుంది, ధ్వనిలో తేడా ఏమైనా వస్తుందా అన్నది అనుభవం ఉన్నవారు చెప్పగలరని ఆశిస్తున్నాను.

కాకతీయ_లోబీ (హనుమకొండ):

తీరంబేస్ గారూ, మీరు బాడీ గురించి అంతా వివరంగా రాశారు కానీ నెక్ (ఎడమచేయి పట్టుకునే పొడవాటి భాగం) వెనుక భాగం ఎలా ఉందో ఒక్క మాట కూడా రాయలేదు. ఐదు తీగల బేస్ విషయంలో నేను మొదట అడిగే ప్రశ్న అదే. బాడీ మీద పూతను మీ కళ్లు చూస్తాయి, మీ ముంజేయి ఒకచోట ఆనుకుంటుంది, అంతే. నెక్ వెనుక పూత మీద మాత్రం మీ ఎడమచేతి బొటనవేలు కార్యక్రమం జరిగినంతసేపూ జారుతూనే ఉంటుంది. నాలుగు తీగల బేస్ నుంచి వచ్చేవారికి ఇది ఇంకా ఎక్కువగా తెలుస్తుంది, ఎందుకంటే నెక్ వెడల్పుగా ఉంటుంది, లో బీ తీగను (అదనంగా వచ్చే ఐదో, అన్నిటికంటే మందమైన తీగ) అందుకోవడానికి అరచేయి చుట్టూ తిరిగి రావాలి, బొటనవేలు నెక్ నడుమ నుంచి కిందికీ పైకీ మాటిమాటికీ కదలాలి. ఆ కదలికకు పూత అడ్డుపడితే అర్ధగంటలో మణికట్టు మొరాయిస్తుంది.

గ్లాసీ నెక్ పొడి చేతికి అద్దంలా జారుతుంది. అదే చేతికి చెమట పట్టి, గాలిలో తేమ కూడా ఉంటే చర్మం దానికి అతుక్కుంటుంది. శాటిన్ (మెరుపు తగ్గించిన పూత) నెక్ మీద చర్మానికీ పూతకూ మధ్య సన్నని గరుకు ఉంటుంది కాబట్టి అతుకు తక్కువ. అయితే ఏళ్లు గడిచేకొద్దీ శాటిన్ కూడా, ముఖ్యంగా మొదటి ఐదు ఫ్రెట్ల దగ్గర, రాపిడికి నునుపుదేలి మెరుపెక్కుతుంది. ఆ సంగతి కొనేముందే తెలిసి ఉండటం మంచిది.

మూడో రకం నూనె, మైనం పూత. మ్యూజిక్ మ్యాన్ కంపెనీ స్టింగ్‌రే 5 అనే ఐదు తీగల బేస్‌ను 1987లో తెచ్చింది. ఆ కంపెనీ నెక్‌లకు గన్‌స్టాక్ ఆయిల్, పైన చేత్తో రుద్దిన మైనం వాడుతుంది. చేతికి అంత హాయి మరి దేనిలోనూ లేదని నా అభిప్రాయం. కానీ నూనె పూత తేమను పెద్దగా ఆపలేదు. మీ ఊరి గాలిలో అలాంటి నెక్ కాలం మారినప్పుడల్లా కాస్త వంగుతుంది, ట్రస్ రాడ్ (నెక్ వంపును సర్దే లోపలి కడ్డీ) తిప్పుకోవాల్సి వస్తుంది, చెమట మరకలు చెక్కలోకి ఇంకి బూడిదరంగు తేలుతుంది. మీ జాబితాలో అది లేకపోవడం ఒకరకంగా మీ మేలుకే.

కాబట్టి మూడు మోడళ్ల నెక్ వెనుక ఏ పూత ఉందో ముందు దుకాణంలో అడిగి రాయండి.

గుంటూరుగ్రూవ్ (గుంటూరు):

నేను కూడా చర్చి బృందంలోనే వాయిస్తాను. మ్యాట్ బ్లాక్ ఐదు తీగల బేస్ నా దగ్గర ఉంది కాబట్టి దాని గురించి చెప్పగలను.

కొత్తలో మ్యాట్ బ్లాక్ అందమే వేరు. వేదిక మీద లైట్లు దాని మీద పడి కెమెరాల్లోకి తిరిగి కొట్టవు, అందుకే వీడియో తీసేవాళ్లకు అది ఇష్టం. కానీ కుడి ముంజేయి ఆనే అంచు దగ్గర, బొటనవేలు ఆనించే పికప్ పక్కన, స్ట్రాప్ ఒరుసుకునే వెనుక భుజం దగ్గర మెరుపు మచ్చలు తేలతాయి. గ్లాసీ పూత మీద గీత పడితే పాలిష్ కాంపౌండుతో రుద్ది పోగొట్టవచ్చు. మ్యాట్ మీద రుద్దితే గీత పోదు సరికదా, రుద్దినచోట ఇంకో మెరుపు మచ్చ తయారవుతుంది. మైనం, సిలికాన్ ఉన్న పాలిష్‌లు దాని దరిదాపుల్లోకి రానివ్వకూడదు. కొంచెం తడిపిన మెత్తటి గుడ్డతో తుడిచి వెంటనే పొడిగుడ్డతో ఆరబెట్టడం తప్ప దానికి వేరే సేవ లేదు. నాకు ఆ మచ్చలు ఇబ్బంది అనిపించవు. వాడిన వస్తువు వాడినట్టే కనిపించాలి అనుకునే రకం నేను. మీరు ఆ రకం కాకపోతే మ్యాట్ వద్దు.

రెండో విషయం, నల్ల హార్డ్‌వేర్. చేయి ఆనే బ్రిడ్జి మీద నలుపు అరిగి కింద లోహం బయటపడుతుంది. బంగారు రంగు పూత ఇంకా తొందరగా పోతుంది. సముద్రపు గాలికి క్రోమే కాస్త ఓర్చుకుంటుంది, అదికూడా తుడుచుకుంటూ ఉంటేనే.

మూడోది ఎవరూ చెప్పరు కాబట్టి చెబుతున్నాను. ఆరుబయట కార్యక్రమాల్లో దోమలు కుడతాయని చేతులకు మందు రాసుకుంటాం. డీట్ ఉన్న దోమల మందు ప్లాస్టిక్కునూ కొన్ని రకాల పూతలనూ కరిగిస్తుంది. మా బృందంలో ఒకరి గిటార్ మీద నాలుగు వేళ్ల గుర్తులు శాశ్వతంగా ఉండిపోయాయి. మందు రాసుకుంటే చేతులు కడుక్కుని, ముంజేతికి పొడవు చొక్కా వేసుకుని బేస్ పట్టుకోండి. శానిటైజర్ కూడా ఆరిన తర్వాతే.

తీరంబేస్:

ఇద్దరికీ ధన్యవాదాలు. దుకాణానికి ఫోను చేసి అడిగాను. నేచురల్ మోడల్‌కు నెక్ ముందూ వెనుకా గ్లాసీ పూతే. సన్‌బర్స్ట్‌కు, మ్యాట్ బ్లాక్‌కు నెక్ వెనుక శాటిన్. అంటే నాకు నచ్చినదే నా చేతికి సరిపడనిదిగా తేలింది. గ్లాసీ నెక్‌ను తర్వాత శాటిన్‌గా మార్చుకోవచ్చని ఎక్కడో చదివాను. ఇంట్లో చేసుకోదగిన పనేనా? ఈ పూతలన్నీ అసలు ఏ పదార్థాలతో చేస్తారో కూడా తెలిసినవారు వివరిస్తే బాగుంటుంది, ఎందుకంటే దుకాణంలో అడిగితే ‘పాలీ’ అన్న ఒక్క మాటతో సరిపెట్టారు.

పాలిష్‌పని (రాజమహేంద్రవరం):

మాది తలుపులకు, ఫర్నిచర్‌కు పాలిష్ వేసే కుటుంబం. బేస్ వాయించడం నా సరదా. కాబట్టి ఈ ప్రశ్న నాకోసమే అడిగినట్టుంది.

దుకాణంవారు చెప్పిన ‘పాలీ’ రెండు వేర్వేరు వస్తువులు. ఒకటి పాలీయురెథేన్, మనం ఇళ్లలో పీయూ పాలిష్ అని చెప్పుకునేది. రెండోది పాలీయెస్టర్, ఇంకా మందంగా, గట్టిగా కూర్చుంటుంది. రెండూ రసాయన చర్యతో గట్టిపడతాయి. ఒకసారి గట్టిపడ్డాక వాటి థిన్నర్ పోసినా తిరిగి కరగవు. చెమట, నీళ్లు, చిన్న దెబ్బలు వీటిని ఏమీ చేయలేవు. ఈనాడు మధ్యతరగతి ధరల్లో వచ్చే బేస్‌లలో దాదాపు అన్నిటికీ ఈ రెండిటిలో ఏదో ఒకటే ఉంటుంది.

వీటికి ముందు వాడింది నైట్రోసెల్యులోజ్ లక్కర్. మన మేస్త్రీలు ఇప్పటికీ ‘డ్యూకో’ అంటారు చూడండి, అది డ్యూపాంట్ కంపెనీ కార్ల కోసం తయారుచేసిన నైట్రో రంగు పేరు. ఫెండర్ కంపెనీ కూడా పాత రోజుల్లో తన ప్రత్యేక రంగులకు అదే డ్యూపాంట్ వారి డ్యూకో, లూసైట్ రంగులు వాడింది. లూసైట్ మాత్రం యాక్రిలిక్. 1968 ప్రాంతంలో ఆ కంపెనీ మందపాటి పాలీయెస్టర్ వైపు మళ్ళింది. నైట్రో థిన్నర్ ఆవిరై ఆరుతుంది కాబట్టి తిరిగి థిన్నర్ తగిలితే కరుగుతుంది. దానివల్ల లాభం కూడా ఉంది: దెబ్బతిన్నచోట కొత్త పూత వేస్తే పాతదానిలో కలిసిపోయి అతుకు కనిపించదు. పాలీలో కొత్త పొర పాతదాని మీద విడిగా కూర్చుంటుంది, అంచు కనిపిస్తుంది. చిన్న పెచ్చు లేస్తే ఫెవిక్విక్ లాంటి జిగురు చుక్కలుగా వేసి నింపి, ఆరాక సన్నని వాటర్ పేపర్‌తో చదును చేసి, కాంపౌండుతో మెరుగుపెట్టడమే పాలీకి దారి. గ్లాసీ మీద ఇది బాగా కుదురుతుంది. మెటాలిక్ రంగుల మీద, మ్యాట్ మీద మచ్చ తెలిసిపోతుంది.

ఇక గ్లాసీ నెక్‌ను మందగింపజేయడం. చేయదగిన పనే, కష్టం కూడా కాదు. పూతను తీసేయడం లేదు, పైపొర మెరుపును గరుకుగా మారుస్తున్నాం, అంతే. వంటింట్లో గిన్నెలు తోమే ఆకుపచ్చ స్క్రబ్బర్ దీనికి పనికిరాదు, లోతుగా గీస్తుంది. కార్లకు రంగు వేసేవారి దగ్గర దొరికే బూడిదరంగు ప్యాడ్ కావాలి. తీగలు విప్పి, హెడ్‌స్టాక్ మొదట్లో, నెక్ బాడీని కలిసే హీల్ దగ్గర గీత వచ్చేలా మాస్కింగ్ టేపు అంటించి, నెక్ పొడవునా ఒకే దిశలో, ఒకే ఒత్తిడితో రుద్దాలి. అడ్డంగా, గుండ్రంగా రుద్దకూడదు. కొందరు స్టీల్ ఊల్ వాడమంటారు. దాని పొడి ఇనుము కాబట్టి పికప్ అయస్కాంతాలకు పట్టి ఇక వదలదు, వాడేటట్లయితే పికప్‌లను టేపుతో పూర్తిగా మూయాలి. నేనైతే ప్యాడే వాడమంటాను. ఒక హెచ్చరిక: ఈ పని చేశాక వారంటీ సంగతి దుకాణంవారు ఏమంటారో ముందే అడగండి. పైగా వాయించే కొద్దీ ఆ గరుకు మళ్ళీ నునుపెక్కుతుంది, అప్పుడప్పుడూ రుద్దుతూ ఉండాలి.

మంచుదేశంబేస్ (మినియాపొలిస్, అమెరికా):

పాలిష్‌పని గారి వివరణకు ఒక చేర్పు. మీ జాబితాలో నైట్రో లేదు, అయినా ఎప్పుడైనా పాత బేస్ కొనాలనుకునేవారికి పనికొస్తుందని రాస్తున్నాను. ఇక్కడ చలికాలంలో సున్నాకు బాగా కింద ఉండే చలిలోంచి బేస్ కేసును లోపలికి తెచ్చి, వెంటనే తెరిస్తే నైట్రో పూత వెంట్రుకల్లాంటి పగుళ్లు దేరుతుంది. కేసు మూసే ఉంచి గది వేడికి మెల్లగా రానివ్వాలి. పాలీ పూతకు ఈ బెడద చాలా తక్కువ. స్టాండ్లకు ఉండే కొన్ని రకాల రబ్బరు, వినైల్ స్ట్రాప్‌లు కూడా నైట్రోను మెత్తబరిచి మచ్చ చేస్తాయి.

యాష్, ఆల్డర్ విషయంలో చెక్కకూ పూతకూ ఉన్న సంబంధం చూస్తే మీ మూడు మోడళ్లు అలా ఎందుకున్నాయో అర్థమవుతుంది. 1951లో వచ్చిన మొదటి ఫెండర్ ప్రెసిషన్ బేస్ యాష్ చెక్క మీద పారదర్శకమైన బ్లాండ్ (లేత పసుపు) రంగుతో వచ్చింది. యాష్ చారలు లోతుగా, అందంగా ఉంటాయి కనుక పారదర్శకమైన పూతకు అది తగినది. కానీ దాని రంధ్రాలు పెద్దవి, నునుపైన గ్లాసీ రావాలంటే ఫిల్లర్‌తో నింపాలి, పని ఎక్కువ. 1954లో రెండు రంగుల సన్‌బర్స్ట్ వచ్చింది. ఆ తర్వాత 1956 ప్రాంతంలో సన్‌బర్స్ట్‌లకు ఆల్డర్ వాడటం మొదలుపెట్టి, బ్లాండ్‌కు మాత్రం యాష్‌నే ఉంచారు. 1958లో ఎరుపు చేర్చి మూడు రంగులు చేశారు. ఆ తొలి ఏళ్ల ఎరుపు వెలుతురుకు నిలవలేదు. అందుకే ఆ కాలపు గిటార్లు కొన్ని ఇప్పుడు రెండు రంగులవేమో అనిపిస్తాయి. ఇప్పటి రంగుల్లో ఆ సమస్య అంతగా లేదు గానీ, ఏ బేస్‌నైనా కిటికీ ఎండలో గోడకు వేలాడదీయకపోవడం మంచిది.

యాష్ గురించి ఇంకొకటి. ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పురుగు అమెరికాలో యాష్ చెట్లను నాశనం చేస్తూ వస్తోంది. దానికి తోడు చెట్లు పెరిగే పల్లపు ప్రాంతాల్లో వరదలు. వీటివల్ల తన మామూలు ఉత్పత్తుల్లో యాష్ వాడకం బాగా తగ్గిస్తున్నామని 2020లో ఫెండర్ ప్రకటించింది. మీరు చూస్తున్న యాష్ ఏ దేశపుదో నాకు తెలియదు కాబట్టి దీన్నిబట్టి తొందరపడి కొనమని అనడం లేదు. నేచురల్ జాజ్ బేస్ అనగానే గుర్తొచ్చే బేస్ కళాకారుడు మార్కస్ మిల్లర్ వాద్యం 1977 నాటిది, యాష్ బాడీ, మేపుల్ నెక్. ఆ రూపం మీద మోజుతోనే మీ మనసు అటు లాగుతోందేమో!

పాతచెవి (హైదరాబాదు):

అందరూ మన్నిక గురించే మాట్లాడుతున్నారు, ధ్వని మాటేమిటి? మందపాటి పాలీయెస్టర్ చెక్కను ప్లాస్టిక్కులో బిగించినట్టు చేస్తుంది. పల్చటి నైట్రో పూత కింద చెక్క ఊపిరి పీల్చుకుంటుంది. నా చెవికి ఆ తేడా స్పష్టంగా వినిపిస్తుంది.

కాకతీయ_లోబీ:

పాతచెవి గారి చెవిని నేను శంకించను. కానీ పోల్చి చూసిన ఆ రెండు బేస్‌లలో తేడా పూత ఒక్కటేనా? చెక్క వేరు, తీగలు వేరు, పికప్‌లు వేరు అయినప్పుడు వినిపించిన తేడాను పూతకు అంటగట్టడానికి వీల్లేదు. అకూస్టిక్ గిటార్‌లో పలకే కదిలి గాలిని కదిలిస్తుంది కాబట్టి అక్కడ పూత మందం లెక్కలోకి వస్తుంది. ఘనమైన బాడీ ఉన్న ఎలక్ట్రిక్ బేస్‌లో పికప్ పట్టుకునేది ఉక్కు తీగ కదలికను. దాని మీద పూత ప్రభావం ఏదైనా ఉంటే అది డ్రమ్ములు, కీబోర్డు మోగుతున్న పెళ్లి పందిట్లో వినబడే పరిమాణంలో ఉండదు.

ఐదు తీగల బేస్‌లో ధ్వనికి అసలు పరీక్ష లో బీ తీగ. దాని మూల స్వరం సుమారు 31 హెర్ట్జ్. నాలుగు తీగల బేస్‌లోని అతి మందమైన ‘ఈ’ (E) తీగ సుమారు 41 హెర్ట్జ్ దగ్గర ఉంటుంది. ఆ బీ తీగ బిగువుగా, స్పష్టంగా మోగుతుందా లేక వదులుగా గుడగుడలాడుతుందా అన్నదాన్ని తీగ మందం, స్కేలు పొడవు, నెక్ గట్టితనం, బ్రిడ్జి, నట్ అమరిక నిర్ణయిస్తాయి. మూడు ఫినిష్‌లలో వేర్వేరు చెక్క ఉంది కనుక మూడింటినీ వాయించి, బీ తీగను ఐదో ఫ్రెట్ దగ్గర, పన్నెండో ఫ్రెట్ దగ్గర విని చూడండి. అక్కడ తేడా వినిపిస్తే ఆ తేడానుబట్టి ఎంచుకోండి, రంగునుబట్టి కాదు.

నిర్వాహకుడు:

పూత వల్ల ధ్వని మారుతుందా అన్న అంశం మీద మన వేదికలో ఇప్పటికే సుదీర్ఘమైన చర్చ ఉంది. రెండు పక్షాల వాదనలూ అక్కడ ఉన్నాయి కాబట్టి దయచేసి దాన్ని అక్కడే కొనసాగించి, ఇక్కడ తీరంబేస్ గారి ఎంపికకు పనికొచ్చేవి మాత్రమే రాయండి.

నున్ననినెక్ (బెంగళూరు):

బాడీ, నెక్ వెనుక భాగం అయ్యాయి. ఫ్రెట్‌బోర్డు మీద పూత ఎవరూ ప్రస్తావించలేదు. మేపుల్ ఫ్రెట్‌బోర్డుకు పూత తప్పనిసరి, లేకపోతే లేతరంగు చెక్క చెమటకు నల్లబడుతుంది. ఆ పూత అరిగితే తీగల కింద మురికి చారలు తేలతాయి. కొందరికి ఆ రూపమే ఇష్టం, అది వేరే సంగతి. రోజ్‌వుడ్‌కు సాధారణంగా పూత వేయరు, చెక్కలో సహజంగా ఉండే నూనే దానికి రక్షణ. తీగలు మార్చేటప్పుడు తుడిచి, బాగా పొడిబారితే కాస్త నూనె రాస్తే చాలు. చెమట చేతులవారికి రోజ్‌వుడ్ తక్కువ సేవతో గడిచిపోతుంది. ఫ్రెట్లు మార్చాల్సి వచ్చిన రోజున కూడా రోజ్‌వుడ్ పని సులువు. పూత ఉన్న మేపుల్‌లో ఫ్రెట్ లాగినప్పుడు పూత పెచ్చులు లేవకుండా మేస్త్రీ చాలా జాగ్రత్తపడాలి, ఒక్కోసారి పూతంతా మళ్ళీ వేయాలి, ఖర్చు పెరుగుతుంది.

నేను ఫ్రెట్‌లెస్ (ఫ్రెట్లు లేని బేస్) వాయిస్తాను కాబట్టి ఇంకో మాట. రౌండ్‌వౌండ్ (గుండ్రటి తీగ చుట్టిన, గరుకైన) తీగలు పూత లేని ఫ్రెట్‌లెస్ బోర్డును గాట్లు పడేలా కోస్తాయి. బేస్ కళాకారుడు జాకో పాస్టోరియస్ తన 1962 నాటి జాజ్ బేస్ బోర్డుకు పడవలకు వాడే ఎపాక్సీ పూసింది ఆ రాపిడిని తట్టుకోవడానికే. ఫ్రెట్లు ఉన్న బేస్‌కు ఆ అవసరం లేదు.

విదేశాలకు తీసుకెళ్లే ఆలోచన ఉన్నవారు రోజ్‌వుడ్ గురించి భయపడుతుంటారు. 2017 మొదట్లో అన్ని రకాల రోజ్‌వుడ్ల మీదా సైటిస్ (అరుదైన జాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) ఆంక్షలు వచ్చిన మాట నిజమే. అయితే తయారైన సంగీత వాద్యాలకు 2019 చివరి నుంచి మినహాయింపు ఇచ్చారు. బ్రెజిల్ రోజ్‌వుడ్‌కు మాత్రం ఆ మినహాయింపు లేదు. ఈ ధరల బేస్‌లలో బ్రెజిల్ రోజ్‌వుడ్ ఉండే అవకాశమే లేదు.

తీరంబేస్:

నిన్న దుకాణానికి వెళ్లి మూడింటినీ పక్కపక్కన పెట్టించి చూశాను. దుకాణం లైట్ల కింద కాకుండా గుమ్మం దగ్గర పగటి వెలుతురులో చూడనిచ్చినందుకు అక్కడివారికి కృతజ్ఞతలు చెప్పాలి.

నేచురల్ బాడీ మూడు ముక్కలు అతికించినది. ఫొటోలో తెలియలేదు కానీ దగ్గరగా చూస్తే ఒక అతుకు బ్రిడ్జి అంచు నుంచి వాల్యూం నాబ్ కిందుగా సాగింది. అతుకుకు ఒకవైపు చారలు దగ్గరగా, నిలువుగా ఉన్నాయి, రెండోవైపు వెడల్పుగా వంపు తిరిగి ఉన్నాయి. వెబ్‌సైటు బొమ్మలో ఉన్న ఆ అందమైన చారలు ఈ ముక్కలో లేవు. సన్‌బర్స్ట్‌లో అంచు నలుపు నుంచి ఎరుపు మీదుగా పసుపులోకి మారే చోట ఎక్కడా మెట్టులా కనిపించలేదు, రంగును చక్కగా స్ప్రే చేశారు. కానీ నెక్ వచ్చి బాడీలో కూర్చునే మూల దగ్గర గోరంత పొడవున సన్నని గీత ఒకటి ఉంది, గోటితో తడిమితే తగలడం లేదు. మ్యాట్ బ్లాక్ ప్రదర్శనకు ఉంచిన వాద్యం కాబట్టి గుంటూరుగ్రూవ్ గారు చెప్పిన మెరుపు మచ్చ పికప్ పక్కన అప్పటికే బొటనవేలి వెడల్పున తేలి ఉంది.

లో బీ విషయంలో ఆల్డర్‌కూ యాష్‌కూ నా చెవికి తేడా తెలియలేదు. నెక్ తేడా మాత్రం వెంటనే తెలిసింది. సన్‌బర్స్ట్ నెక్ మీద చేయి ఎక్కడా ఆగలేదు. గ్లాసీ నెక్‌ను రుద్దిస్తే వారంటీలో నెక్ భాగం వర్తించదని దుకాణంవారు తేల్చి చెప్పారు.

ఆ సన్నని గీత గురించి పాలిష్‌పని గారు ఏమంటారు? నేచురల్‌లో మూడు ముక్కలు ఉండటం లోపమా?

పాలిష్‌పని:

మూడు ముక్కలు లోపం కాదు. రెండు, మూడు ముక్కలు అతికించడం ఈ ధరల్లో మామూలే. జిగురు బాగా పట్టిన అతుకు చెక్కకంటే బలహీనంగా ఉండదు. కంటికి నచ్చిందా లేదా అన్నదే ప్రశ్న, మీరు రాసిన తీరుచూస్తే నచ్చలేదనే అనిపిస్తోంది. పారదర్శకమైన పూతతో కొనేటప్పుడు వెబ్‌సైటు బొమ్మను నమ్మకూడదు, మనకు ఇవ్వబోయే వాద్యం ఫొటోనే సీరియల్ నంబరుతో సహా అడగాలి. ముదురు రంగుల కింద ముక్కలు ఎన్ని ఉన్నాయో ఎవరికీ తెలియదు, సన్‌బర్స్ట్‌లో కూడా నల్లటి అంచు చాలావాటిని దాస్తుంది.

నెక్ మూల దగ్గర గీత చాలా బేస్‌లలో కనిపిస్తుంది. నెక్ కూర్చునే గుంటలో పూత మందంగా పేరుకుని ఉన్నప్పుడు, స్క్రూలు బిగించే సమయంలో ఆ గట్టి పూత మూల దగ్గర చిట్లుతుంది. గోటికి తగలడం లేదంటే చాలావరకు పూతలోనే ఉన్న గీత, చెక్కకు సంబంధం లేదు. అయినా ఒకసారి నిర్ధారించుకోండి: గీత చెక్క చారల దిశలోనే సాగుతూ, పూత అంచు దాటి గుంట లోపలి చెక్క మీద కూడా కనిపిస్తే అది చెక్క పగులు, తీసుకోవద్దు. నెక్‌ను పట్టుకుని అటూఇటూ మెల్లగా కదిపినప్పుడు గీత తెరుచుకుంటే కూడా తీసుకోవద్దు. ఈ రెండూ లేకపోతే భయం లేదు, అయినా ఆ గీత చూపించి ధర తగ్గించమని అడగడంలో తప్పులేదు.

గుంటూరుగ్రూవ్:

అన్నీ సన్‌బర్స్ట్ వైపే చూపిస్తున్నాయి, ఒప్పుకుంటాను. కానీ గోడ మీద వేలాడుతున్న బేస్‌ను చూడగానే తీసి వాయించాలనిపించాలి, లేకపోతే ఎంత మంచి నెక్ అయినా దుమ్ము పడుతుంది. మీకు నేచురలే ఇష్టమైతే చారలు నచ్చిన ఇంకో ముక్క తెప్పించమని అడిగి, వారంటీ గడిచాక నెక్ రుద్దించుకోండి. అప్పటిదాకా టాల్కం పౌడర్ ఉండనే ఉంది.

పాతచెవి:

టాల్కం పౌడర్ చెమటతో కలిసి ఫ్రెట్ల మూలల్లో ముద్దకడుతుంది, దానికంటే పొడి గుడ్డ జేబులో పెట్టుకోవడం నయం. తిరిగి అమ్మే ఆలోచన ఉంటే ఒక మాట: నేను చూసినంతలో నగరంలో సన్‌బర్స్ట్, మామూలు నలుపు త్వరగా అమ్ముడుపోతాయి. నేచురల్ కోసం చూసేవారు తక్కువే, కానీ వచ్చినవారు బేరమాడరు.

తీరంబేస్:

అమ్మే ఆలోచన లేదు కాబట్టి ఆ లెక్క పక్కన పెట్టాను. గుంటూరుగ్రూవ్ గారి మాట మీద రాత్రంతా ఆలోచించాను. నాకు నచ్చింది నేచురల్ అన్న ఊహ. దుకాణంలో ఉన్న ఆ ముక్క కాదు. ఇంకో ముక్క ఎప్పుడు వస్తుందో వారు చెప్పలేకపోయారు. సన్‌బర్స్ట్‌ను మాత్రం చేతిలోంచి దించాలనిపించలేదు. గుంట మూలను టార్చి వేసి చూశాం. గీత పూతలోనే ఆగిపోయింది, నెక్ కదిపినా మారలేదు. అది చూపించి ఒక గిగ్ బ్యాగు ఉచితంగా ఇప్పించుకున్నాను. బయానా కట్టేశాను, శనివారం తెచ్చుకుంటాను.

చివరిగా ఒక్క ప్రశ్న. ఇంట్లో ఉన్న పాత స్టాండుకు నల్ల రబ్బరు గొట్టాలు ఉన్నాయి. మంచుదేశంబేస్ గారు చెప్పినది నైట్రో గురించే కదా, దీనిది పాలీయెస్టర్ అని పెట్టె మీద రాసి ఉంది. దాని మీదే పెట్టవచ్చా?

మంచుదేశంబేస్:

పాలీయెస్టర్‌ను ఆ రబ్బరు కరిగించదు, కానీ రబ్బరులోని నలుపు లేతరంగు పూతల మీద మరకగా దిగడం నేను చూశాను. మీ బేస్‌లో స్టాండు తగిలేది నల్లటి అంచుకే కాబట్టి బాడీకి ఇబ్బంది లేదు. నెక్ వెనుక ఆనే చోట మాత్రం శాటిన్ పూత, లేత మేపుల్; అక్కడ గొట్టానికి పాత నూలు గుడ్డ చుట్టి దారంతో కట్టండి. వానాకాలంలో స్టాండు మీద వదిలేయకుండా బ్యాగులో సిలికా జెల్ పొట్లాలతో పెట్టి, ఆ పొట్లాలు తేమ పీల్చాక మార్చుతూ ఉండండి.